ఎవరిని ఆయన అనాలి

మా ఇంట్లో ప్రేమ ఉర్దూలో, పోట్లాట తెలుగులో. నెల్లూరులో మా వీధిలో చాలా ఇళ్ళల్లో అంతే. అమ్మానాన్నలతో ఉర్దూ మాట్లాడుతూ, గడప దాటగానే కూరగాయల బండి దగ్గర తెలుగులో బేరమాడుతూ పెరిగాను. బడిలో మా తెలుగు టీచరమ్మకి నా గొంతంటే ఇష్టం. పాఠం ఎప్పుడూ నాతోనే పైకి చదివించేది. ‘ల’కీ ‘ళ’కీ తేడా తెలిసిన పిల్ల ఇదొక్కతే అని క్లాసందరి ముందూ మెచ్చుకునేది. ఆ మెప్పు అప్పుడే నెత్తికెక్కింది, ఇంతవరకూ దిగలేదు. దుబాయ్ వచ్చి పదేళ్ళు దాటినా, ఎవరైనా తెలుగు తప్పుగా పలికితే నా మొహం చిట్లుతుంది. మా ఆయన దీన్ని పొగరంటారు. నేనూ కాదనను.

అల్ కుసైస్‌లో ఒక టైపింగ్ సెంటర్‌లో నా ఉద్యోగం. వీసా ఫారాలు, అద్దె కాగితాలు, మెడికల్ టెస్టుకి పెట్టుకునే అర్జీలు, ఇవన్నీ జనం చెబుతుంటే కంప్యూటర్‌లో కొట్టిపెట్టే కొట్టు అన్నమాట. హిందీ, ఉర్దూ, తెలుగు మాట్లాడేవాళ్ళు నా కౌంటర్‌కి వస్తారు. పక్క కౌంటర్ అరబ్బీ టైపిస్టుది. యాభై దాటిన మనిషి. భర్త పోయాడు, ఒక్కతే కూతురు. కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, రాసే ఉత్తరమైనా, కోర్టుకిచ్చే కాగితమైనా, ఎదుటివాడు ఏ భాషలో ఏడ్చినా ఆమె నిమ్మళంగా విని చక్కటి అరబ్బీలోకి మార్చేది. నేను ఆమెని ఖాలా అని పిలిచేదాన్ని. మా ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. అరబ్బీలోనూ అదే మాట, అదే అర్థం. నేను ఉర్దూలో పిలిచాను, ఆమె అరబ్బీలో పలికింది. మా చుట్టరికం అలా కుదిరింది. ఆమె నన్ను బింతీ, అంటే నా కూతురా, అనేది.

ఆమెది ఏ దేశమో రాయను. రాయొద్దంది. అక్కడ ఆమె వాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ దేశాన్ని చాలా ఏళ్ళు ఒకే మనిషి ఏలాడనీ, ఎన్నికలంటే ఆ మనిషి ఇష్టమేననీ, పదవి పోయి, ప్రాణం పోయి కూడా చాలాకాలమైందనీ తెలిస్తే చాలు.

కరోనా వచ్చి సెంటర్ మూసేసినప్పుడు జీతం సగమైంది, పగళ్ళు రెట్టింపయ్యాయి. మా ఆయన స్నేహితుడి తమ్ముడు హైదరాబాద్‌లో యూట్యూబ్ ఛానెల్ నడుపుతాడు. దేశదేశాల నాయకుల కథలు. ‘అక్కా, నీ గొంతు మస్తుంటది, జర చదివిపెట్టు’ అన్నాడు. నా గొంతుని పొగిడితే నేను ఎంత దూరమైనా పోతాను. బట్టల అల్మారాలో రజాయిలు వేలాడదీసి, అందులో దూరి, ఫోన్ పట్టుకుని చదివేదాన్ని. ఏసీ హోరు పడుతుందని ఏసీ ఆపాలి. జూన్ నెలలో, మధ్యాహ్నం పూట. బయటికొచ్చేసరికి ఒళ్ళంతా చెమట. ‘ఏందిమే, మహారాణి హమ్మాంలోంచి వచ్చినావా?’ అని మా ఆయన ఏడిపించేవారు.

అందులో నాదొక అలవాటు. ఆ తమ్ముడు రాసి పంపే స్క్రిప్టులో నాయకుల్ని ‘అతను’ అని రాసేవాడు. దేశాన్ని ఏలిన మనిషిని అతను అనడానికి నాకు నోరు రాలేదు. పెద్దవాళ్ళని ఆయన అనాలి, ఇంకా పెద్దవాళ్ళయితే వారు అనాలి, పేరు వెనక గారు తగిలించాలి అని పెరిగిన దాన్ని. అందుకని చదివేటప్పుడు నా అంతట నేనే మార్చేసేదాన్ని. అతను వచ్చాడు అని ఉంటే ఆయన వచ్చారు. అతను ఆదేశించాడు అని ఉంటే వారు ఆదేశించారు. తమ్ముడు సంబరపడ్డాడు. వీడియోకి బరువు వచ్చిందన్నాడు. నేను మర్యాద చేస్తున్నాననుకున్నాను.

ఖాలా దేశపు అధ్యక్షుడి కథ కూడా అలాగే చదివాను. అప్పటికే నెట్‌లో ఎక్కడ చూసినా అతనే. నల్ల కళ్ళజోడు, మెల్లగా కారు దిగడం, ఎదురుగా నిలబడ్డ మంత్రి చేతులు వణకడం, వెనకాల డప్పుల మ్యూజిక్. అతని కాలం నాటికి ఇంకా పుట్టని పిల్లలు కూడా ఆ ముక్కల్ని ఒకరికొకరు పంపుకునేవాళ్ళు. అతని హయాంలో రొట్టె చవకట, వీధులు అద్దంలా ఉండేవట, దొంగ అనేవాడే లేడట. మా వీడియో కూడా ఆ వేడిలోనే పడింది. ఆ ఛానెల్లో అంతకుముందు ఏ వీడియోనూ అంతమంది చూడలేదు. కింద కామెంట్లు. ‘మనకీ ఇట్లాంటోడు ఒక్కడు రావాలి’ అని కొందరు, ‘మేడమ్ వాయిస్ సూపర్’ అని కొందరు. మొదటి రకం కామెంట్ల మీంచి జారిపోయి, రెండో రకం మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి, కానీ అదే నిజం.

సెంటర్ తెరిచి, అంతా మామూలయ్యాక ఒకరోజు భోజనాల వేళ, ఖాలా సంతోషిస్తుందని ఫోన్ ఆమె ముందు పెట్టాను. ‘చూడు ఖాలా, మీ దేశం పెద్దాయన. నేనే చదివాను’ అన్నాను. తెలుగు ఆమెకి ఒక్క ముక్క రాదు. బొమ్మలు చూసింది, మధ్యమధ్యలో వచ్చే అతని పేరు విన్నది. తింటున్న డబ్బాకి మూతపెట్టేసి, చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళింది. తర్వాత రెండు రోజులు నాతో పనిమాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండింది. మెచ్చుకోకపోతే మానె, మూతి ముడుచుకోవడం ఎందుకు అనుకున్నాను.

మూడో రోజు తనే అడిగింది. ఆమె మాటల్లో సగం హిందీ, సగం అరబ్బీ.

‘బింతీ, ఒకటడుగుతా. నీ భర్త పేరు అతనికి ఎందుకు పెట్టావు?’

నాకు అర్థం కాలేదు.

‘నువ్వు రోజూ మీ ఊరి స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడతావు కదా. ఆయన వచ్చారు, ఆయన తిన్నారు, ఆయనకి జ్వరం. నీ భర్త పేరు ఆయన అనుకున్నాను. నీ వీడియోలో కూడా మాటకి ముందొక ఆయన, వెనకొక ఆయన. ఆ మనిషికి నీ భర్త పేరెందుకు?’

నాకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఆమె మా ఆయన్ని ‘ఆయనా భాయ్ ఎలా ఉన్నాడు’ అని అడగడం అప్పుడు గుర్తొచ్చింది. అది ఏదో అరబ్బీ మాట కాబోలు అనుకుని ఊరుకునేదాన్ని. నవ్వుతూనే విడమరిచి చెప్పాను. అది పేరు కాదు ఖాలా, మీ ‘హువ’ లాంటిదే. కాకపోతే మాకు చాలా ఉన్నాయి. చిన్నపిల్లాడిని, దొంగని, ప్రాణస్నేహితుడిని వాడు అంటాం. పరిచయం అంతంతమాత్రంగా ఉన్నవాణ్ణి అతను అంటాం. గౌరవించేవాళ్ళని ఆయన. ఇంకా గౌరవిస్తే వారు. భర్తని పేరుపెట్టి పిలవం కాబట్టి ఆయన.

ఆమె నవ్వలేదు. వేళ్ళ మీద నాలుగూ లెక్కపెట్టుకుని, ‘మాకు ఒక్కటే. దేవుడికైనా హువ, గాడిదకైనా హువ. మీకు ఎంచుకోవడానికి నాలుగున్నాయి, నువ్వు అతనికి ఇది ఎంచుకున్నావు’ అంది. తిట్టినా అంత తగిలేది కాదు. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు చెప్పింది, వాళ్ళ నాన్న సంగతి. ఆయన బడిలో భూగోళం చెప్పే పంతులు. తరగతి గది గోడకి ఒకటే మేకు, దానికి అధ్యక్షుడి పటం. ఆ ఏడు ఊళ్ళో మేకులకి కూడా కరువు. అందుకని రోజూ పాఠం అయ్యేంతవరకూ అధ్యక్షుణ్ణి దించి, కుర్చీలో జాగ్రత్తగా కూర్చోబెట్టి, ఆ మేకుకే ప్రపంచ పటం తగిలించేవారు. మన తెలుగులో రెండూ పటాలే, వాళ్ళ దగ్గర మాత్రం ఒకదాన్ని దించి ఇంకొకటి పెట్టడం నేరమైంది. ఎవరో పై అధికారులకి రాసేశారు. ఒక పొద్దున జీపు వచ్చింది. ఆయన మళ్ళీ రాలేదు. ఎక్కడ పూడ్చారో కూడా చెప్పలేదు. ఖాలాకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఎవరడిగినా జ్వరం వచ్చి పోయాడని చెప్పమని వాళ్ళమ్మ పిల్లలందరికీ నేర్పింది. ఆమె బడిలో జ్వరమనే చెప్పింది, అత్తవారింట్లోనూ జ్వరమనే చెప్పింది, చివరికి కన్నకూతురికీ జ్వరమనే చెప్పింది.

‘ఇప్పుడు నా కూతురు ఫోన్లో అతని బొమ్మ’ అంది.

ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగి, షార్జాలో డిగ్రీ చదువుతోంది. సొంత దేశం సెలవుల్లో రెండుసార్లు చూసింది, మిగతాదంతా ఫోన్‌లోనే. ‘మమ్మా, అతని కాలంలో మనవాళ్ళు తలెత్తుకుని బతికారట, నువ్వు చెప్పనే లేదే’ అని తల్లినే దెప్పుతోంది. కాలేజీలో అన్ని దేశాల పిల్లలూ తలా ఒక బోర్డు పెట్టే పండగ రాబోతోంది. తన దేశం బోర్డు మధ్యలో అతని నిలువెత్తు బొమ్మ అతికిస్తుందట. తల్లుల్ని కూడా పిలిచారట. ఆ బోర్డు పక్కన కూతురితో ఖాలా ఫొటో దిగాలి. ఇంకా రెండు వారాలుంది.

‘చెప్పేయొచ్చు కదా ఖాలా.’

‘నోరు తెరుస్తాను, జ్వరం అనే వస్తుంది. నలభై ఏళ్ళు అదే చెప్పాను. ఇప్పుడు కాదంటే అది నన్ను నమ్ముతుందా, ఫోన్‌ని నమ్ముతుందా?’

అది వదిలేసి నన్ను నేను వెనకేసుకొచ్చాను. నాదేముంది, ఎవరో రాశారు, నేను చదివాను అన్నాను. ఇంటికెళ్ళి ఆ వీడియో మొదట్నించీ పెట్టుకుని విన్నాను. అధ్యక్షుడు కాఫీ ఎలా తాగేవాడో చెప్పే చోట నా గొంతు తేనెలా సాగింది. ‘ఈ కాలంలో కొందరు అదృశ్యమయ్యారు’ అని ఒక్క వాక్యం ఉంది. దాన్ని తర్వాతి పేరా అందుకోవాలన్న తొందరలో గబగబా చదివేశాను. వాళ్ళకి ఆయన లేదు, అతను లేదు, వాడు కూడా లేదు. కొందరు, అంతే. ఆ కొందరిలో ఖాలా వాళ్ళ నాన్న ఉన్నారు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తమ్ముడికి ఫోన్ చేసి వీడియో తీసేయమన్నాను.

‘అక్కా, గదే మనకు అన్నం పెడుతున్న వీడియో. అది తీస్తే ఎట్ల? జనాలు ఇంకా అడుగుతున్నరు, రెండో పార్ట్ ఎప్పుడని.’

‘రెండో పార్ట్ నేను రాస్తాను.’

‘నువ్వా?’

‘నేనే. రాసేదీ నేనే, చదివేదీ నేనే. వెయ్యనంటే నా గొంతు నీకు ఇక దొరకదు, ఖలాస్.’

అతను కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. పాత వీడియో ఇంకా ఉంది, ఇంకా చూస్తూనే ఉన్నారు. కొత్తదాన్ని చూసినవాళ్ళు తక్కువ. ‘మేడమ్‌కి ఎవరో డబ్బులిచ్చారు’ అని కూడా రాశారు. కానీ కొందరు చివరిదాకా విని, మొదటి వీడియో కింద దీని లింకు వాళ్ళంతట వాళ్ళే పెట్టడం మొదలెట్టారు. ఎవరూ చెప్పకుండానే. ఇప్పటికీ ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. అది చూసినప్పుడల్లా నాకు జనం మీద కోపం కొంచెం తగ్గుతుంది.

రాయడం మాత్రం అల్మారాలో చదివినంత సులువుగా లేదు. రోజూ భోజనాల వేళ ఖాలా చెప్పేది, నేను తెలుగులో రాసుకునేదాన్ని. ఊరి పేరు లేకుండా, మనిషి పేరు లేకుండా. మొదటి పేరాలోనే ఆగిపోయాను.

‘అధ్యక్షుణ్ణి ఏమంటావు ఈసారి?’ అంది.

‘వాడు’ అన్నాను పళ్ళు కొరుకుతూ.

‘అది చిన్నపిల్లలకి, స్నేహితులకి అన్నావు కదా?’

‘దొంగలకి కూడా.’

ఆమె ఒప్పుకోలేదు. ‘వద్దు. నువ్వు తిడితే వినేవాళ్ళు తిట్టునే వింటారు, మా నాన్నని వినరు. రెండోది ఏదో అన్నావే, దండం పెట్టనిది, ఉమ్మెయ్యనిది.’

‘అతను.’

‘అది చాలు అతనికి. మా నాన్నకి?’

‘ఆయన’ అన్నాను.

ఆయన, ఆయన అని రెండుసార్లు అనుకుంది. ‘న’ దగ్గర కొంచెం సాగదీసింది. నేను దిద్దలేదు. తెలుగు తప్పు పలికితే దిద్దకుండా ఊరుకోవడం నా జన్మలో అదే మొదటిసారేమో.

రికార్డింగ్ పూర్తయింది. తమ్ముడికి పంపకముందే, శనివారం మధ్యాహ్నం తల్లిని తీసుకెళ్ళడానికి కూతురు సెంటర్‌కి వచ్చింది. కస్టమర్లు లేరు. ముదీర్, అంటే మా మేనేజరు, నమాజుకి వెళ్ళాడు. అమ్మాయి చేతిలో చుట్టిన పెద్ద కాగితం ఉంది. అందులో ఏ బొమ్మ ఉందో అడగక్కర్లేదు. ఖాలా నా కౌంటర్ పక్కకొచ్చి చెవిలో, ‘నువ్వు చెప్పు. దానికి హిందీ వచ్చు. నువ్వు చెబితే వింటుంది’ అంది.

ఒప్పుకునేదాన్నే. నోటిదాకా వచ్చింది కూడా. నేను బాగా చెబుతానని కూడా నాకు తెలుసు. అదే నాకు భయమేసింది. ఒకసారి వాళ్ళ దేశం కథ నా గొంతుతో చెప్పి ఏం చేశానో చూశాను.

‘నేను చెప్పను ఖాలా. నా రికార్డింగ్ పెడతాను. నువ్వు తర్జుమా చెయ్యి, కౌంటర్లో చేస్తావే, అలా. ఎవరిదో కాగితం అనుకో.’

ఆమెకి తెలుగు రాదు. కానీ ప్రతి వాక్యంలో ఏముందో తెలుసు, చెప్పింది తనే కాబట్టి. అమ్మాయిని కస్టమర్ల కుర్చీలో కూర్చోబెట్టింది. తను తన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. నేను ఒక్కో వాక్యం వినిపించి ఆపుతున్నాను. ఆమె కంప్యూటర్ వైపు చూస్తూ, రోజూ మాట్లాడే ఆ నిమ్మళమైన గొంతుతోనే అరబ్బీలో చెబుతోంది. ఒక బడి ఉండేది. ఒక పంతులు ఉండేవారు. గోడకి ఒకటే మేకు. అమ్మాయికి మొదట ఇదేదో తమాషాలా ఉంది. మేకు దగ్గర నవ్వింది కూడా. జీపు వచ్చేసరికి నవ్వు పోయింది. ఇది ఏ దేశం అని అడిగింది. ఖాలా జవాబు చెప్పకుండా నాకు సైగ చేసింది, తర్వాతి వాక్యం పెట్టమని.

‘ఆయన కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు’ అంది ఫోన్‌లో నా గొంతు.

ఖాలా ‘బింతుహూ’ అని మొదలుపెట్టింది. ఆయన కూతురు అని. ఆగింది. గొంతు సవరించుకుని మళ్ళీ ‘బింతుహూ’ అంది. అక్కడినుంచి ముందుకి పోలేదు. ఎన్ని వేల కాగితాలు తర్జుమా చేసిందో లెక్కలేదు, ఎక్కడా తడబడగా నేను చూడలేదు. మొదటిసారి కంప్యూటర్ మీంచి చూపు తిప్పి కూతురి మొహంలోకి చూసింది.

‘అనా’ అంది. నేను.

ఆ మాట అర్థం కావడానికి అరబ్బీ వచ్చి ఉండనక్కర్లేదు. అమ్మాయి కుర్చీలో ముందుకి జరిగింది. ‘జ్వరం అన్నావు కదా’ అంది, చాలా చిన్నగా. ఖాలా తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఆమె ఆగలేదు. నా స్క్రిప్టులో లేనివి ఏవేవో వస్తున్నాయి. వాళ్ళ నాన్న చెప్పులు గుమ్మం దగ్గర ఎన్నాళ్ళున్నాయో, వాళ్ళమ్మ వాటిని రోజూ ఎందుకు తుడిచేదో. నాకు సగమే అర్థమవుతోంది. కంగారులో వేలు తగిలి ఫోన్‌లో నా గొంతు మళ్ళీ మొదలైంది, తర్వాతి వాక్యం చదువుతూ.

అమ్మాయి నావైపు చూడకుండానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చెయ్యి తల్లి మోకాలి మీద ఉంది.

‘ఆంటీ, అది ఆపండి’ అంది హిందీలో. ‘మమ్మా చెబుతోంది కదా.’

ఆపేశాను.